పెంకు మీద పేరు

గ్రీకులో ‘ఆస్ట్రకాన్’ అంటే గుల్ల, పగిలిన కుండ పెంకు కూడా. మన ‘పెంకు’ సైతం గుడ్డుకీ కుండకీ సరిపోతుంది కదా!

క్రీ.పూ. 5వ శతాబ్దపు ఏథెన్స్‌లో పెంకులకు కొదవ లేదు. ప్రమాదకారి అనిపించిన నాయకుడి పేరును పౌరులు వాటి మీదే గీకేవారు. ఓటింగ్ చెల్లాలంటే 6,000 పెంకులు పడాలి. ఎక్కువ పెంకుల మీద పేరున్నవాడు 10 ఏళ్లు నగరానికి దూరం. ఆస్తి మాత్రం అతనిదే.

విచారణ లేదు, నేరారోపణా లేదు.

సలామిస్‌లో పర్షియన్ నౌకాదళాన్ని చిత్తుచేసిన థెమిస్టాక్లీస్‌కూ ఇదే గతి పట్టింది. అక్రోపోలిస్ వాలులోని ఒక బావిలో అతని పేరున్న పెంకులు సుమారు 190 దొరికాయి. చేతిరాతలు చూస్తే రాసినవాళ్లు గుప్పెడు మందే! పంచిపెట్టడానికి ముందే రాయించి ఉంచారన్నమాట.

క్రీ.పూ. 417 ప్రాంతంలో ఆల్కిబియాడీస్, నీషియాస్ అనే నేతల వర్గాలు చేతులు కలిపి మరో నాయకుడు హైపర్‌బొలస్‌ను సాగనంపాయి. ఆ తర్వాత ఏథెన్స్ ఈ పద్ధతిని వాడలేదు.