కండెల లెక్క ఎక్కని ఖాతా: బీదర్ నేత ఇళ్ళల్లో పెద్ద చదువు

మన బీదర్ జిల్లా బసవకల్యాణంలో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మల కథ తెలియనోళ్ళు తక్కువ. 12వ శతాబ్దం మాట. మారయ్య పని రాలిన బియ్యపు గింజలు ఏరుకొచ్చుడు. ఒకరోజు రోజూకన్నా ఎక్కువ తెచ్చిండట. లక్కమ్మ ఒప్పుకోలేదు. ఇంత మనకెందుకు, ఎక్కువైంది తీసుకపోయి ఉన్నచోటే పోసి రమ్మన్నది. అందరూ దీన్ని భక్తి కథగా చెప్తారు. నేనైతే ఇంటి లెక్క కథగా కూడా చదువుకుంటాను. ఇంటికి ఎంత కావాలో తూకం లేకుండా తెలిసింది ఆ ఇంట్ల భార్యకే.

శరణుల్లో మనోడు కూడా ఉన్నడు. జేడర దాసిమయ్య. కన్నడంలో జేడర అంటే నేతగాడు. ఇప్పటి యాదగిరి జిల్లా ముదనూరు ఆయన ఊరు, భార్య దుగ్గళె. నేసేది ఒకరైనా ఆ మగ్గానికి కావలసిన పని ఇద్దరిదీ అనేది మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ వ్యాసంలో అడిగే ప్రశ్న కూడా అక్కడిదే. ఆ ఇద్దరిలో ఒకరు పెద్ద చదువుకు పోతే ఇల్లు ఎట్లా నడిచింది?

బీదర్‌కు చదువు కొత్త కాదు. మహమూద్ గవాన్ 1472లో కట్టించిన మదరసా నేటికీ ఊరి నడుమ నిలబడే ఉంది. దూరదేశాల నుంచి పండితులు వచ్చిన చోటు, విద్యార్థులకు తిండీ బసా ఉచితం. ఆనాటి రాజ్యం ఒక సంగతి గుర్తించింది. చదివేవాడికి ముందు అన్నం కావాలె. అయితే అతని ఇంటి దగ్గర ఉన్నోళ్ళ అన్నం మాట ఆ ఏర్పాటులో లేదు. ఆ తర్వాత వచ్చిన ఏర్పాట్లలోనూ అది పెద్దగా కనబడదు.

ఇగ మన తాతల కాలానికి వద్దాం. బీదర్ అప్పుడు నిజాం సంస్థానంలో జిల్లా. 1918లో హైదరాబాద్‌లో ఉస్మానియా విశ్వవిద్యాలయం మొదలైంది, బోధన ఉర్దూలో. ఇంట్ల తెలుగు, బజార్ల ఉర్దూ, పక్కింట్ల కన్నడం, చుట్టాల ఊళ్ళల్లో మరాఠీ వినే బీదర్ పిల్లగాడికి ఉర్దూ అంత పరాయి కాదు. పరాయి అయింది ఖర్చు. వికారాబాద్ మీదుగా రైలెక్కి పట్నం పోవాలె, అక్కడ గది, తిండి, పుస్తకాలు చూసుకోవాలె. కొన్ని కులాలవాళ్ళు దీనికి హాస్టళ్ళు పెట్టుకున్నరు. రెడ్డి హాస్టల్ కూడా 1918దే. అట్లాంటి ఆసరా లేనోళ్ళు చుట్టాల ఇళ్ళల్లో తలదాచుకునేటోళ్ళు.

ఇంకో చిక్కు, రెండు రకాల రూపాయలు. సంస్థానంలో హాలీ సిక్కా, బయట బ్రిటిష్ కల్దార్. సుమారు 7 హాలీ రూపాయలకు 6 కల్దార్ రూపాయలు. సోలాపూర్ నుంచి నూలు తెచ్చుకుంటే కల్దార్‌లో కట్టాలె, పట్నంలో ఫీజు హాలీలో కట్టాలె. ఒకే ఇంటి ఖాతాలో రెండు నాణేల లెక్క. హాలీ సిక్కా పూర్తిగా పోయింది 1959లో.

ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు చిన్నప్పుడే అయ్యేవి కాబట్టి కాలేజీ మెట్లెక్కే పిల్లగాడు చాలావరకు అప్పటికే సంసారి. కాబట్టి చదువు ఖర్చంటే తండ్రి ఖర్చొక్కటే కాదు, ఊళ్ళో ఉన్న భార్య ఖర్చు కూడా. మరాఠీ వాళ్ళల్లో దీనికి తిరగేసిన కథ ఒకటుంది. తపాలా గుమాస్తా గోపాలరావు జోషి భార్య ఆనందీబాయి 1883లో అమెరికా పోయి, ఫిలడెల్ఫియాలో చదివి 1886లో డాక్టరైంది. ఆమెదీ కల్యాణమే, మన కల్యాణం కాదు, బొంబాయి దగ్గరిది. ప్రయాణం కోసం తన బంగారు గాజులు అమ్ముకుంది. తిరిగొచ్చి 1887లోనే క్షయతో పోయింది. గుమాస్తా జీతానికి నెల తారీఖు ఉంటుంది. మగ్గం ఆదాయానికి అదీ లేదు.

ఇక్కడ మగ్గం లెక్క కొంచెం విడమర్చాలె. మన పిల్లల్లో మగ్గం చూడనోళ్ళే ఎక్కువైనరు. నేసేవాడు గుంటలో కూర్చుని నాడె ఆడించాలంటే ముందు ఆసు పోయాలె, పడుగు సాగదీసి గంజి పెట్టాలె, పోగులు అతకాలె, రోజూ పేకకు కండెలు చుట్టాలె. ఈ పనులు ఎక్కువగా ఆడోళ్ళు, ముసలోళ్ళు, పిల్లలు చేసేవి. వీటికి విడిగా కూలి లేదు. చీర దిగినంక షావుకారు గానీ సొసైటీ గానీ ఇచ్చే పైసల్లోనే అన్నీ కలిసిపోతయి.

ఇప్పుడు ఇద్దరిలో ఎవరు పోయిన్రనేదాన్ని బట్టి నష్టం మారుతది. మొగుడు చదువుకు పోతే మగ్గం ఆగుతది, అది ఊరందరికీ కనబడుతది. అందుకని అన్నదమ్ములు అందుకునేటోళ్ళు, లేకుంటే ఆమే మగ్గం ఎక్కేది. పెళ్ళాం చదువుకు పోతే మగ్గం ఆగదు, మెల్లగైతది. అనుకుందాం, రోజుకు 8 గంటలు నేసే మనిషి అందులో 2 గంటలు కండెలకే పెట్టాల్సి వచ్చింది. నాలుగో వంతు గుడ్డ పోయినట్టే. నెలకు నాలుగు చీరలు దిగే చోట మూడే దిగుతయి. చాలా డిగ్రీ కోర్సుల ఫీజు కన్నా ఇదే పెద్ద ఖర్చు. అయితే ఖాతాలో ఫీజు రాస్తారు, ఇది రాయరు. సంవత్సరం చివర్ల అప్పు మిగిలితే 'చదువు వల్ల' అంటరు. అప్పటిదాకా ఆమె కండెల వల్ల ఎంత మిగిలిందో ఎన్నడూ అనలేదు కదా!

1956 నవంబర్ 1న బీదర్ మైసూరు రాష్ట్రంలో కలిసింది. చుట్టాలు అటు, ఆఫీసులు ఇటు. డిగ్రీకి చూడాల్సిన దిక్కు పట్నం కాకుండా ధార్వాడ అయింది, అది 400 కిలోమీటర్ల పైమాట. 1970లో గుల్బర్గాలో పీజీ కేంద్రం, 1980లో గుల్బర్గా విశ్వవిద్యాలయం వచ్చినంకే దూరం సుమారు 110 కిలోమీటర్లకు తగ్గింది. పెళ్ళయిన ఆడపిల్లకు ఈ కిలోమీటర్లే అసలు పరీక్ష. హాస్టల్‌లో ఉంటే ఇంటి పని పోతది, రోజూ తిరిగితే బస్సు చార్జీ పోతది.

నా మటుకు, నేత ఇళ్ళల్లో కోడళ్ళకు ఎక్కువ దారి చూపింది 1982లో హైదరాబాద్‌లో పెట్టిన సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇప్పుడు అంబేద్కర్ పేరుతో ఉన్నది. దేశంలో అదే మొదటిది. సరిహద్దు అవతల ఉన్న మన చుట్టాలు ఇంట్ల పని చేసుకుంటనే తెలుగులో బీఏ చదువుకునే వీలు దాంతో వచ్చింది. మూడేళ్ళకు ఢిల్లీలో ఇగ్నో వచ్చింది. 2016లో కేంద్ర జౌళి శాఖ ఇగ్నోతో చేసుకున్న ఒప్పందం ప్రకారం చేనేత కుటుంబాల్లోని ఎస్సీ, ఎస్టీ, దారిద్ర్యరేఖకు దిగువ ఉన్నోళ్ళకు, మహిళలకు ఫీజులో 75 శాతం తిరిగొస్తది. దీన్ని ప్రత్యేకంగా చెప్పడానికి కారణముంది. నేతన్నల కోసం వచ్చిన చదువు సాయం చాలావరకు పిల్లలకే. బునకర్ బీమాతో కలిపి ఇచ్చిన శిక్షా సహయోగ్ చూడండి, 9 నుంచి 12వ తరగతి పిల్లలకు మూడు నెలలకు 300 రూపాయలు, ఇంటికి ఇద్దరికే. ఎంఏ చదివే కోడలు అందులో రాదు. ఇగ్నో ఒప్పందంలో వస్తది.

పొదుపు సంగతి కూడా చూడాలె. తెలంగాణలో 2017లో తెచ్చిన 'నేతన్నకు చేయూత'లో నేతగాడు కూలిలో 8 శాతం వేస్తే ప్రభుత్వం 16 శాతం కలిపింది. మంచి పథకమే, కానీ అప్పుడు పైసలు మూడేళ్ళదాకా తీయరాకపోయేది. డిగ్రీ కూడా మూడేళ్ళే! అడ్మిషన్ రోజు మొదలుపెడితే పైసలు చేతికొచ్చేసరికి పరీక్షలే అయిపోయేవి. చదువు కోసమైతే పెళ్ళయిన ఏడాదే మొదలుపెట్టాల్సి వచ్చేది. చీటీకి ఆ ఇబ్బంది లేదు. పాడుకుంటే ఫీజు నెలలోనే వస్తది. కాకపోతే ఆ నెల వదులుకున్న మొత్తాన్ని వడ్డీలాగానే లెక్కపెట్టుకోవాలె. బంగారం తాకట్టు అన్నిటికన్నా సులువు, విడిపించుడే కష్టం. వానాకాలం గుంటలోకి చెమ్మ దిగి నేత మెల్లగైతది. కాలేజీ ఫీజు అడిగేది సరిగ్గా అప్పుడే. తాకట్టు దుకాణానికి పోయేది కూడా ఎక్కువగా ఆ నెలల్లోనే.

కర్ణాటకలో ఉన్న మనకు ఈ పదిహేనేళ్ళల్లో కొన్ని వెసులుబాట్లు వచ్చినయి. 371-జె కింద 2013 నుంచి మన ప్రాంతం కాలేజీల్లో స్థానికులకు 70 శాతం సీట్లు. వెనుకబడిన తరగతుల పిల్లలకు హాస్టల్ దొరకకపోతే విద్యాసిరి కింద నెలనెలా సాయం. 2017లో బీదర్-కలబురగి రైలు నడిచింది. 2023 జూన్ నుంచి ఆడోళ్ళకు రాష్ట్రం లోపల సర్కారు బస్సు ఉచితం. అదే ఏడాది బీదర్‌కు సొంత విశ్వవిద్యాలయం వచ్చింది. బస్సు చార్జీ, హాస్టల్, దూరం, మూడూ ఒకేసారి తగ్గడం మన ఖాతాల చరిత్రలో ఇదే మొదటిసారి.

కండెలు మాత్రం అట్లాగే ఉన్నయి. మగ్గం ఇంకా ఆడుతున్న ఇంట్ల ఎవరైనా కోడలు పీజీలో చేరితే నేను చెప్పేది ఒక్కటే. ఫీజుకు అప్పు చేసే ముందు కండెలు చుట్టే మోటారు చరఖా ధర కనుక్కోండి. రోజుకు రెండు గంటల నేత మిగిలితే అది ఎన్ని నెలల్లో తీరుతుందో మీ చీర కూలితో మీరే లెక్క కట్టుకోవచ్చు. ఆమె సాయంత్రం బస్సు దిగి వచ్చి మళ్ళీ రాట్నం ముందు కూర్చునే పని కూడా తప్పుతది.

మీ ఇళ్ళల్లో తాతల నాటి ఖాతా పుస్తకాలు, హాలీ రూపాయల లెక్కలు, కాలేజీ రసీదులు పెట్టెల్లో ఉంటే పారేయకండి. ఫోటో తీసి సమాఖ్యకు పంపండి. ఆ పుటల్లో ఎక్కడైనా కండెలు చుట్టినందుకు ఒక పైసా జమ రాసి ఉంటే మాత్రం, ఆ పుట నాకు ముందు చూపించండి.