లెక్కకు అందని నిశ్శబ్దం: చీకటి ఎలక్ట్రానిక్ సంగీతంలో శూన్యం

భయం పుట్టించే సంగీతంలోని నిశ్శబ్దం గురించి రాసేటప్పుడు మన విమర్శకులు ఫ్రెంచి సిద్ధాంతకర్త మిషెల్ షియోన్ దగ్గరే ఆగిపోతున్నారు. ‘ఆడియో-విజన్’ (1990)లో ఆయన ప్రతిపాదన ఇది: నిశ్శబ్దం ఉత్త ఖాళీ కాదు, అంతకుముందు విన్న శబ్దంతో వైరుధ్యం వల్ల పుట్టేది. దీన్ని తెలుగు శ్రోతకు యథాతథంగా అంటగట్టడం మీదే నా అభ్యంతరం. మన చెవికి నిశ్శబ్దం ఒక లెక్క.

ఆదితాళమే తీసుకుందాం. ఎనిమిది అక్షరాల్లో చేతి దెబ్బ వినిపించేవి మూడే. లఘువులో మూడు వేళ్ల లెక్కింపు, రెండు ద్రుతాల్లో రెండు విసుర్లు, ఈ అయిదూ నిశ్శబ్ద క్రియలు. అనాగత గ్రహంలో తాళం ముందే మొదలవుతుంది, పాట తర్వాత అందుకుంటుంది. ఆ తొలి ఖాళీని గాయకుడూ శ్రోతా కలిసే మోస్తారు. అక్కడ తాళపు దెబ్బ తప్ప ముందు విన్న స్వరమేదీ లేదు, మరి వైరుధ్యం దేనితో?

శాస్త్రం చదవని చోటా ఇదే కనిపిస్తుంది. చీరాల దగ్గర వాడరేవు తీరంలో అలివి వల లాగేవాళ్లను గమనించినప్పుడే నాకీ ఆలోచన తట్టింది. ఒకరు కేక అందిస్తారు, మిగిలినవాళ్లు అందుకుని మోకు లాగుతారు. కేకకూ కేకకూ నడుమ అరచేతులు తాడు మీద ముందుకు జరుగుతాయి, కాళ్లు ఇసుకలో మళ్లీ నిలదొక్కుకుంటాయి. ఆ ఖాళీ ఎంతసేపో ఎవరూ చెప్పరు, అందరికీ తెలుసు.

చీకటి ఎలక్ట్రానిక్ సంగీతం సరిగ్గా ఈ లెక్కనే లాగేసుకుంటుంది. లస్ట్‌మోర్డ్ అనే సంగీతకారుడి ఆల్బమ్ ‘హెరెసీ’ (1990)లో గనులు, గుహలు, సమాధి గదుల్లో రికార్డు చేసిన ప్రతిధ్వనులు సాగి సాగి ఆరిపోతాయి. తర్వాతి ధ్వని ఎప్పుడొస్తుందో అంచనాకు దొరకదు. తెలుగులో దీనికి దగ్గరగా వచ్చింది రామ్‌గోపాల్ వర్మ ‘రాత్రి’ (1992) సినిమా. దానికి నేపథ్య సంగీతం మణిశర్మది. నిర్మానుష్యమైన ఊళ్లో రేవతి ఒంటరిగా తిరిగే ఘట్టంలో భయపెట్టేది దెయ్యం కాదు, దెయ్యం ఇంకా రాలేదు. ఎంతసేపు ఎదురుచూడాలో తెలియకపోవడమే అక్కడి భయం.

తాళం ఎరగని పాశ్చాత్య శ్రోతలూ ఇలాగే జడుస్తారు కదా అనవచ్చు. తాళం లెక్క లేకున్నా వాళ్లకూ ఊపిరి లెక్క ఉంది, ఈ సంగీతం దాన్నీ లాగేసుకుంటుంది.

కాబట్టి శూన్యం ధ్వని శాస్త్రానికి చెందిన విషయం కాదు, లయ శాస్త్రానికి చెందినది. భయానక సంగీతమంతా తాళభంగమే. షియోన్ సూత్రం మనకు చాలదు. మన విశ్వవిద్యాలయాల సంగీత శాఖలు సింథసైజర్‌ను సినిమావాళ్లకు వదిలేయకుండా, నిశ్శబ్ద క్రియల పాఠంలోనే దానికీ చోటు కల్పించాలి.