స్వయంచాలక దోషనివేదన: రేపల్లె, బాపట్ల తీర చరిత్ర ఆధారంగా ఒక పరిశీలన

1. ప్రస్తావన:
సర్వర్‌లో నడిచే సాఫ్ట్‌వేర్‌లో లోపం తలెత్తినప్పుడు, వాడుకరి ఫిర్యాదు చేసేవరకు ఆగకుండా ఆ సంగతిని అదే నిర్వాహకునికి తెలపడం స్వయంచాలక దోషనివేదన. 1980లలో బర్క్‌లీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో ఎరిక్ ఆల్‌మన్ సెండ్‌మెయిల్ కోసం రూపొందించిన సిస్‌లాగ్ ఈ పద్ధతికి తొలి రూపాల్లో ఒకటి. అయితే సర్వరే కూలిపోతే నివేదిక పంపేదెవరు? ఈ ప్రశ్న కృష్ణా డెల్టాకు కొత్త కాదు.

2. 1977: తెగిన తీగలు
1977 నవంబరు 19న పెనుతుపాను నిజాంపట్నం సమీపంలో తీరం దాటింది. రేపల్లెకు ఏటి ఆవలనున్న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది. అధికారిక లెక్కల్లోనే మృతులు సుమారు 10,000 మంది. స్తంభాలు కూలి తంతి, టెలిఫోన్ సంబంధాలు తెగిపోయాయి. ఆపదను తెలపవలసిన సాధనం ఆ ఆపదకే బలైంది. నష్టం ఎంత ఎక్కువగా ఉన్న ఊరైతే అంత నిశ్శబ్దంగా ఉండిపోయింది.

3. ఇన్సాట్ హెచ్చరిక వ్యవస్థ:
1983లో ప్రయోగించిన ఇన్సాట్-1బి ఉపగ్రహం ఈ లోపానికి కొంత పరిష్కారం చూపింది. 1980ల మధ్యలో ఆంధ్ర, తమిళనాడు తీరాల్లో ప్రత్యేక గ్రాహకాలు నెలకొల్పారు. మద్రాసు నుంచి సంకేతం అందగానే ఎంపిక చేసిన ప్రాంతంలోని గ్రాహకం తనంతట తానే సైరన్ మోగించి, స్థానిక భాషలో హెచ్చరిక వినిపించేది. నేలమీది తీగలతో దానికి పనిలేదు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటిన తీవ్ర తుపానులో మృతుల సంఖ్య వెయ్యిలోపే. ఆ ఘనత ఒక్క యంత్రానిదే కాదు. హెచ్చరిక విని లక్షకు పైగా జనాన్ని ముందే తరలించిన యంత్రాంగానిది కూడా.

4. విశ్లేషణ:
బాపట్ల ప్రధాన రైలుమార్గంలో ఉంది. రేపల్లె శాఖామార్గం ఆ మార్గాన్ని తెనాలిలో కలుస్తుంది. తీరంలోని ఈ రెండు ఊళ్ల నుంచి కబురు ఆగిపోతే, దాన్ని మొదట గుర్తించగలిగేది లోపలనున్న తెనాలి. సర్వర్‌కూ ఇదే సూత్రం వర్తిస్తుంది. దాని క్షేమసమాచారాన్ని వేరొక యంత్రం నిర్ణీత వ్యవధిలో అందుకుంటూ ఉండాలి. అది రాని క్షణాన్నే ప్రమాదంగా భావించాలి. దీనినే సాంకేతికులు హార్ట్‌బీట్ అంటారు. అలాగని ప్రతి చిన్న లోపానికీ గంట మోగిస్తే అసలు ఆపదనాడు ఎవరూ చెవిన పెట్టరు.

5. ముగింపు:
దోషనివేదన దోషానికి వెలుపల నిలబడాలి. దాన్ని విని కదిలే మనిషి ఎవరో ముందే నిర్ణయమై ఉండాలి. ఈ రెండూ లేనిచోట నిశ్శబ్దాన్ని క్షేమమని పొరబడతాం. 1977లో ఆ పొరపాటు వెల ప్రాణాలు.