పాత వెర్షన్‌ని వదలాలా? పీహెచ్‌పీ 4 నేర్పిన పాఠం



మన గ్రూపులో కంప్యూటర్ కోర్సులు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఒక మాట తరచూ అంటుంటారు. "అన్నా, ల్యాబ్‌లో నేర్పింది బయటికొస్తే పాతది అంటున్నారు, మరి మేం నేర్చుకున్నదంతా దండగేనా?" అని. పాత వెర్షన్‌ని ఎప్పుడు వదలాలి, ముందు ఎవరు వదలాలి అనే పంచాయితీ కొత్తది కాదు. పీహెచ్‌పీ 4 మీద ప్రపంచంలోని వెబ్ డెవలపర్లు ఏళ్ల తరబడి వాదించుకున్నారు. ఆ కథ తెలిస్తే మన ప్రశ్నకు సగం జవాబు దొరుకుతుంది. కాస్త పొడుగు పోస్టు, ఓపిగ్గా చదవండి.

గ్రీన్‌ల్యాండ్‌లో పుట్టిన రాస్మస్ లెర్డార్ఫ్ 1994లో తన సొంత వెబ్ పేజీ కోసం కొన్ని చిన్న ప్రోగ్రాములు రాసుకున్నాడు. 1995 జూన్‌లో వాటిని అందరికీ ఉచితంగా ఇచ్చేశాడు. పీహెచ్‌పీ అట్లా మొదలైంది. తర్వాత ఇజ్రాయెల్ విద్యార్థులు ఆండీ గుట్‌మన్స్, జీవ్ సురాస్కీ దాని లోపలి భాగాన్ని మళ్లీ మొదటి నుంచి రాశారు. 1998లో పీహెచ్‌పీ 3, 2000 మే 22న పీహెచ్‌పీ 4 వచ్చాయి. నేర్చుకోవడం తేలిక, తక్కువ ఖర్చు హోస్టింగ్‌లో కూడా నడుస్తుంది. అందుకే చిన్న సంఘాలు, చిన్న వ్యాపారాలు, ఇంట్లో కూర్చుని రాసుకునేవాళ్లు అందరూ దీన్నే పట్టుకున్నారు.

2004 జూలై 13న పీహెచ్‌పీ 5 వచ్చింది. పేరులో ఒక్క అంకె మారినా లోపల చాలా మారింది. పీహెచ్‌పీ 4లో ఒక ఆబ్జెక్ట్‌ని ఇంకో వేరియబుల్‌కి ఇస్తే దానికి కాపీ తయారయ్యేది. ఒకచోట మార్చితే రెండోచోట మారేది కాదు, తప్పు ఎక్కడుందో వెతకలేక తల పట్టుకోవాల్సి వచ్చేది. 5లో ఆ తిప్పలు పోయాయి. తప్పుల్ని పద్ధతిగా పట్టుకునే ఎక్సెప్షన్లు వచ్చాయి. 2005 నవంబర్‌లో 5.1తో పీడీఓ వచ్చింది. లాగిన్ పెట్టెలో దొంగ క్వెరీ రాసి డేటాబేస్‌లోకి దూరే దాడిని ఆపడం దాంతో తేలికైంది.

ఇంత మంచిదైతే అందరూ వెంటనే మారాలి కదా? మారలేదు. మూడేళ్ల తర్వాత కూడా చాలా సర్వర్లలో పీహెచ్‌పీ 4 నడుస్తూనే ఉంది.

దీన్ని మన సంతతో పోల్చి చూడండి. సంత జరిగే చోటు మార్చాలనుకున్నారు. జనం రాకుండా మేమెందుకు పోవాలి అంటారు దుకాణాల వాళ్లు. దుకాణాలు లేకుండా మేమెందుకు పోవాలి అంటారు జనం. ఇక్కడా అదే జరిగింది. కస్టమర్ల సాఫ్ట్‌వేర్ పాతదాని మీదే నడుస్తోంది, మార్చితే ఆగిపోతుందని హోస్టింగ్ కంపెనీలు భయపడ్డాయి. సర్వర్లలో 4 ఉన్నప్పుడు 5 కావాలని అడిగితే మా సాఫ్ట్‌వేర్‌ని ఎవరూ పెట్టుకోరని డెవలపర్లు భయపడ్డారు. ఎవరి భయమూ తప్పు కాదు. కానీ ఆ రెండు భయాలూ కలిసి అందర్నీ ఉన్నచోటే కట్టేశాయి.

ఆ ముడి 2007 జూలైలో విప్పడం మొదలైంది. డ్రూపల్, పీహెచ్‌పీమైఅడ్మిన్, సింఫనీ లాంటి ప్రాజెక్టులు 'గో పీహెచ్‌పీ5' అనే ఉద్యమంగా కలిశాయి. 2008 ఫిబ్రవరి 5 తర్వాత వచ్చే తమ కొత్త వెర్షన్లకు పీహెచ్‌పీ 5.2 తప్పనిసరి అని ముందుగానే ప్రకటించాయి. అదే నెలలో పీహెచ్‌పీ బృందం కూడా 2007 డిసెంబర్ 31తో పీహెచ్‌పీ 4 మద్దతు ముగుస్తుందని, ముఖ్యమైన భద్రతా సవరణలు మాత్రం 2008 ఆగస్టు 8 వరకు ఇస్తామని చెప్పింది. సంత ఏ రోజు నుంచి ఎక్కడో అందరికీ ఒకేసారి దండోరా వేసినట్టయింది.

రెండో పక్షం మాట కూడా వినాలి. వర్డ్‌ప్రెస్ స్థాపకుల్లో ఒకరైన మ్యాట్ మల్లెన్‌వెగ్ అదే సమయంలో పీహెచ్‌పీ 5ని జనం పెద్దగా తీసుకోలేదని విమర్శిస్తూ రాశాడు. వర్డ్‌ప్రెస్ వాడేవాళ్లలో ప్రోగ్రామింగ్ రానివాళ్లే ఎక్కువ. సర్వర్‌లో ఏ వెర్షన్ ఉందో వాళ్లకు తెలియదు, తెలిసినా మార్చే అధికారం వాళ్ల చేతిలో ఉండదు. అందుకే వర్డ్‌ప్రెస్ ఆగింది. 2011 జూలైలో 3.2 వెర్షన్‌తోనే పీహెచ్‌పీ 5.2.4 తప్పనిసరి చేసింది, అదీ ఏడాది ముందే చెప్పి. చివరి పీహెచ్‌పీ 4 వెర్షన్ వచ్చింది 2008 ఆగస్టులో. అంటే ఆ మధ్య దాదాపు మూడేళ్లు, కొత్త భద్రతా సవరణలు రాని భాష మీదే చాలామంది సైట్లు నడిచాయి. కనికరానికి కూడా ఒక ఖరీదు ఉంటుంది.

ఇందులో మనకు నేరుగా తగిలే విషయం ఒకటి ఉంది. అది మన అక్షరాల సంగతి. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షర సంకేతానికి 3 బైట్లు పడతాయి. ఆదిలాబాద్ జిల్లా గుంజాలలో దొరికిన రాతప్రతుల గోండి లిపికి 2018 జూన్‌లో యూనికోడ్‌లో చోటు దక్కింది. ఆ అక్షరాలకు ఒక్కోదానికి 4 బైట్లు కావాలి. పాత మైఎస్‌క్యూఎల్‌లో 'యూటీఎఫ్8' అని పేరున్న పద్ధతి 3 బైట్ల వరకే దాచగలదు. 4 బైట్లు దాచే పద్ధతి 2010లో 5.5.3తో వచ్చింది, వర్డ్‌ప్రెస్ 2015లో దానికి మారింది. అంతకంటే పాత సర్వర్ మీదే ఉండిపోయిన సైట్‌లో గుంజాల గోండి లిపిలో రాస్తే ఆ మాట డేటాబేస్‌లోకి సరిగా చేరదు. పాతదాన్ని పట్టుకుని ఉంటే ఏం పోతుంది అనేవాళ్లకు ఇదే జవాబు. కొన్నిసార్లు మన భాషే బయట నిలబడాల్సి వస్తుంది.

కొత్తదంతా బంగారం అనీ చెప్పను. యూనికోడ్‌ని భాష లోపలే ఇముడ్చుతామని మొదలుపెట్టిన పీహెచ్‌పీ 6ని 2010లో ఆపేశారు. ఇప్పటికీ పీహెచ్‌పీలో పొడవు లెక్కపెట్టే మామూలు ఫంక్షన్ "గోండి" అనే మాటకు 15 అని చెప్తుంది, ఎందుకంటే అది లెక్కపెట్టేది బైట్లని. దానికి మల్టీబైట్ ఫంక్షన్లు విడిగా వాడుకోవాల్సిందే.

కాబట్టి నా అభిప్రాయం ఇది. మద్దతు ఆగిపోయిన వెర్షన్‌ని వదలాల్సిందే. కానీ వదిలే పద్ధతి ఒకటుంది. తేదీ ముందే చెప్పాలి, అందరూ కలిసి కదలాలి, వెనకబడినవాళ్లకు దారి చూపించాలి. దండోరా వేయకుండా సంత మార్చితే నష్టపోయేది దూరం నుంచి నడిచొచ్చేవాళ్లే.

చదువుకునే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్క పని చెప్తాను. మీ ల్యాబ్ రికార్డు తెరిచి చూడండి. డేటాబేస్‌కి కలపడానికి పాత 'మైఎస్‌క్యూఎల్ కనెక్ట్' ఫంక్షన్ రాసి ఉంటే, దాన్ని 2015 డిసెంబర్‌లో పీహెచ్‌పీ 7 వచ్చినప్పుడే తీసేశారని గుర్తుంచుకోండి. అదే ప్రోగ్రాముని పీడీఓతో మళ్లీ రాయండి. ఒక సాయంత్రం పని. లూపులు, షరతులు, క్వెరీలు మీరు నేర్చుకున్నవే ఉంటాయి, వాటిలో ఏదీ దండగ కాదు.

రాసి చూసినవాళ్లు ఎక్కడ ఆగిపోయారో కింద చెప్పండి, కలిసి చూద్దాం.