యోగం నుంచి క్రీస్తు వైపు: యెర్రగుంట్ల పేరయ్య నడివయసు అన్వేషణ

ఉదయగిరి, ఆత్మకూరులలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ కేంద్రాలు 19వ శతాబ్ది చివరి దశాబ్దాలలో ఏర్పడ్డాయి. పశ్చిమ నెల్లూరు మెట్టసీమ క్రైస్తవ చరిత్రను అక్కడినుంచి ఆరంభించడం పరిపాటి. కాని ఆ మిషన్‌ను మాదిగపల్లెలకు చేర్చిన మలుపు అంతకు ముందటిది. ఆ మలుపుకు కారకుడు ఒంగోలుకు పడమటి పల్లెకు చెందిన మాదిగ తోళ్ల వర్తకుడు యెర్రగుంట్ల పేరయ్య.

అప్పటికి పేరయ్య సంసారం, వ్యాపారం ఉన్న నడివయసు మనిషి. వీరమ్మ అనే గురువు వద్ద రాజయోగం అభ్యసించినవాడు. అయినా అన్వేషణ తీరలేదు. వ్యాపారానికి ఉత్తరాదికి వెళ్ళినప్పుడు ఏలూరులో క్రీస్తును గురించి విన్నాడు. 1866లో ఒంగోలులో భార్యతోపాటు లైమన్ జ్యూయెట్ చేత బాప్తిస్మం పొందాడు.

జ్యూయెట్‌కు అప్పటికి యాభై దాటాయి. ఫలితం లేదంటూ నెల్లూరు మిషన్‌ను మూసివేయాలన్న ఆలోచన అమెరికాలో 1853లోనూ, 1862లోనూ తలెత్తింది. రెండవసారి, తానొక్కడైనా తిరిగి వెళ్తానని ఆయన పట్టుబట్టాడు. శంక సంస్థది, ఆ శంకకు సమాధానం చెప్పవలసిన భారం మాత్రం ఆయనపై పడింది.

పేరయ్య కథకు ప్రధాన ఆధారం ఎమ్మా రౌషెన్‌బుష్ క్లౌ 1899లో ప్రచురించిన 'వైల్ సోయింగ్ శాండల్స్'. అది మిషనరీ కుటుంబపు కథనం. యోగాన్ని క్రైస్తవానికి తొలిమెట్టుగా చూపడం దానికి అనుకూలం. ఆ జాగ్రత్తతో చదివినా ఒక విషయం నిలుస్తుంది. నిరాకార దైవాన్ని ధ్యానించినవాడికి విగ్రహం లేని దైవం కొత్త కాదు. కొత్తది బోధ సాగిన తీరు. యోగరహస్యం గురువు నోటినుంచి శిష్యుని చెవికి చేరేది. 1867 జనవరిలో పేరయ్య ఊరికి జాన్ క్లౌ వచ్చినప్పుడు ఆ మాట చింతతోపులో అందరి ఎదుటా సాగింది. 28 మంది బాప్తిస్మం పొందారు.