నామవాచకాల బోధన (ప్రాథమిక తరగతులు)

మనుషులకు, ప్రాణులకు, వస్తువులకు, ఊళ్లకు, భావాలకు ఉన్న పేర్లే నామవాచకాలు. వాటిలో ఫలానా మనిషికో ఫలానా చోటుకో ప్రత్యేకంగా ఉన్న పేరు సంజ్ఞావాచకం. ఒక కోవకు చెందిన వాటన్నిటికీ చెల్లే పేరు జాతివాచకం. గోదావరి సంజ్ఞావాచకం, నది జాతివాచకం. ఆరేడేళ్ల పిల్లలకు ఈ తేడాను నిర్వచనాలు వల్లె వేయించకుండా ఆటలు, చేతిపనుల ద్వారా నేర్పవచ్చు. చేస్తూ నేర్చుకునే అలాంటి పనులను తెలుగు బడుల్లో కృత్యాలు అంటారు.

ఇంగ్లీషు పిల్లవాడికి పుస్తకంలోనే ఒక ఆనవాలు దొరుకుతుంది. సంజ్ఞావాచకం పెద్ద అక్షరంతో మొదలవుతుంది, జాతివాచకం ముందు తరచు ‘ఎ’, ‘ద’ వంటి చిన్నమాట ఉంటుంది. తెలుగు లిపిలో పెద్ద అక్షరాలు, చిన్న అక్షరాలు అన్న తేడా లేదు. ఇంగ్లీషులో లాగా పేరు ముందు ఆ చిన్నమాటలూ ఉండవు. తెలుగు పిల్లలు అర్థాన్ని బట్టే తేల్చుకోవాలి. కృత్యాల అవసరం ఇక్కడ ఎక్కువ కావడానికి అసలు కారణం ఇదే.

వ్యాకరణంలో ఈ భేదం

భేదం చాలా పాతది. క్రీస్తుపూర్వం 2వ శతాబ్దివాడైన డయోనీసియస్ థ్రాక్స్ పేరున నిలిచిన గ్రీకు వ్యాకరణం మనిషి, గుర్రం వంటివి అందరికీ చెందే పేర్లనీ, సోక్రటీస్ ఒకరి సొంత పేరనీ విడదీసింది. మన దేశంలో పతంజలి మహాభాష్యం శబ్దాలను జాతి, గుణ, క్రియా, యదృచ్ఛా శబ్దాలని నాలుగు తెగలు చేసింది. పెట్టేవారి ఇష్టాన్ని బట్టి ఏర్పడిన పేరు యదృచ్ఛా శబ్దం. ‘డిత్థుడు’ దానికి పండితులు తరతరాలుగా చెప్పే ఉదాహరణ.

చిన్నయసూరి 1858లో వెలువరించిన బాలవ్యాకరణంలో నామాల విభజనకు మహత్తు (మగవారి పేర్లు), అమహత్తు (మిగతావన్నీ) అన్నవి ముఖ్యం. ఏకవచనంలో తెలుగు క్రియ పట్టించుకునేది ఆ తేడానే. ‘రాముడు వచ్చాడు’, ‘కుర్రాడు వచ్చాడు’ అన్న వాక్యాల్లో క్రియ ఒకటే. ‘సీత వచ్చింది’, ‘బండి వచ్చింది’ అన్నప్పుడూ అంతే. వచ్చింది మగవాడా కాదా అన్నది క్రియలో తెలుస్తుంది. ఆ పేరు ఒకరిదా, ఎందరిదో అన్నది మాత్రం తెలియదు.

పిల్లలకు ముందే తెలిసినది

ఈ తేడా పసిపిల్లలకు కొత్త కాదు. 1974లో నాన్సీ కాట్జ్, ఎరికా బేకర్, జాన్ మెక్‌నమారా ప్రచురించిన పరిశోధనలో ఇంగ్లీషు మాటలు వినే ఏడాదిన్నర లోపు ఆడపిల్లలకు బొమ్మను చూపి, అర్థం లేని ఒక కొత్త మాట చెప్పారు. ‘ఎ’ లేకుండా చెప్తే అది ఆ బొమ్మ సొంత పేరు అనుకున్నారు. ‘ఎ’ చేర్చి చెప్తే అలాంటి బొమ్మల్లో ఏదైనా సరే అనుకున్నారు. బొమ్మల బదులు దిమ్మలు పెడితే ఆ తేడా కనబడలేదు. సొంత పేరు ఉండదగినవేవో పసివాళ్లకు ముందే ఒక అంచనా ఉందన్నమాట.

తెలుగువారికి ఇంకా దగ్గరిది జపాన్ పరిశోధన. జపనీస్ భాషలోనూ ‘ఎ’, ‘ద’ లాంటివి లేవు. ముత్సుమి ఇమాయ్, ఎత్సుకో హర్యూ 2001లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, ఎరగని వస్తువుకు కొత్త మాట చెప్తే చిన్నపిల్లలు దాన్ని ఆ రకం పేరుగా తీసుకున్నారు. పిల్లలకు ముందే తెలిసిన జంతువు బొమ్మకు కొత్త మాట చెప్తే అది దాని ముద్దుపేరు అనుకున్నారు. వాక్యంలో ఆనవాలు లేకపోయినా, తమకు తెలిసిన లోకాన్ని ఆసరా చేసుకుని పిల్లలు పేర్లను వేరు చేయగలరు. బడి చేయవలసింది ఆ తెలివికి చేతినిండా పని కల్పించడమే.

కృత్యాధార బోధన

మరియా మాంటిస్సోరి 1907లో రోమ్‌లో ‘పిల్లల ఇల్లు’ అనే బడి తెరిచారు. 1939లో మద్రాసు అడయారుకు వచ్చి ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. ఆమె పద్ధతిలో నామవాచకానికి గుర్తు నల్లని త్రిభుజం, క్రియకు ఎర్రని వృత్తం. పిల్లలు వాక్యం రాసి, ఒక్కొక్క మాట మీద దాని గుర్తు పెడతారు. తెలుగునాట 1980లలో బ్రిటన్ ఆర్థిక సాయంతో మొదలైన ఆంధ్రప్రదేశ్ ప్రాథమిక విద్యా పథకం (ఏపీపెప్) చేస్తూ నేర్చుకోవడం, చుట్టుపక్కల ఉన్నవాటినే పాఠానికి వాడుకోవడం, పిల్లలు చేసినవి తరగతి గోడలకు తగిలించడం వంటివి ఉపాధ్యాయులకు అలవాటు చేసింది.

ఖర్చు లేని కృత్యం పిలుపు ఆట. టీచరు ‘పిల్లలు’ అనగానే తరగతి అంతా లేవాలి. ‘అమ్మాయిలు’ అంటే అందులో కొందరు లేస్తారు. ‘లక్ష్మి’ అంటే ఒక్కతే లేస్తుంది. ఎంతమంది లేచారో పలక మీద అంకె వేస్తారు. ఇద్దరు లక్ష్ములున్న తరగతిలో ఇద్దరూ లేస్తారు, అప్పుడు ‘ఏ లక్ష్మి?’ అన్న ప్రశ్న దానంతట అదే పుడుతుంది. ఇంటిపేరు చెప్పగానే ఒకరు కూర్చుంటారు. పేరు ఒక్కరిని ఎలా వేరు చేస్తుందో పిల్లలు కళ్లారా చూస్తారు.

రెండోది ‘ఏ’ ఆట. అట్టముక్కల మీద ఊరు, నది, పండుగ, వారం, పువ్వు అని రాసి ఒక డబ్బాలో వేస్తారు. ఒకరు అట్ట తీసి ‘ఏ నది?’ అని అడగాలి. పక్కవారు కృష్ణ, మూసీ, పెన్నా అని చెప్పి, ఆ పేర్లు రాసిన చీటీలను బట్టల క్లిప్పుతో ఆ అట్టకు తగిలించాలి. ఒక అట్టకు చీటీలు ఎన్ని పడితే అన్ని వేలాడతాయి. ‘ఏ పువ్వు?’ దగ్గర ఆట ఆగుతుంది. మల్లె, బంతి, కనకాంబరం అని జవాబులు వస్తాయి గానీ అవి కూడా జాతివాచకాలే, ఎందుకంటే మల్లెలు బోలెడు. ‘మల్లె ఒకటేనా, చాలా ఉన్నాయా?’ అని టీచరు అడగవలసింది ఇక్కడే. ‘ఏ’ ఒక్కటే చాలదనీ, లెక్క కూడా చూడాలనీ పిల్లలకు అప్పుడు తెలుస్తుంది. రెండు నదులు అంటాం, మూడు ఊళ్లు అంటాం, రెండు గోదావరులు అనం.

బడి బయట పిల్లలు ఎప్పటినుంచో ఆడే ‘పేరు, ఊరు, జంతువు, వస్తువు’ ఆటలో ఈ పాఠం సగం ఉంది. ఒక అక్షరం చెప్పి నాలుగు గళ్లు నింపాలి. ‘మ’ వస్తే మాధవి, మచిలీపట్నం, మేక, మంచం. మొదటి రెండు గళ్లలో పడేవి సంజ్ఞావాచకాలు, చివరి రెండింటిలో పడేవి జాతివాచకాలు. గళ్ల పై వరుసలో ఉన్న ‘పేరు’, ‘ఊరు’ అన్న మాటలు మళ్లీ జాతివాచకాలే. ఆట అయ్యాక కాగితాన్ని నిలువునా చించి, రెండు ముక్కలకూ పేరు పెట్టమంటే పిల్లలు తమ మాటల్లోనే నిర్వచనం చెప్తారు. పుస్తకంలోని పారిభాషిక పదం ఆ తర్వాత ఇస్తే చాలు. ముఖ్యంగా ‘జాతి’ అన్న మాట పిల్లలు ఇంట్లో వేరే అర్థంలో వింటారు. అందుకే దాన్ని చివరికి ఉంచడం మేలు.

ఊరి పేర్లలో దాగిన మాటలు

తెలుగు ఊరి పేర్లు చాలావాటిలో ఒక జాతివాచకం తోకలా కనిపిస్తుంది. విశాఖపట్నంలో పట్నం, అనకాపల్లిలో పల్లి, సూర్యాపేటలో పేట, కొత్తగూడెంలో గూడెం, నల్లగొండలో కొండ ఉన్నాయి. కొండపల్లి అయితే రెండు జాతివాచకాలు కలిసి ఒక సంజ్ఞావాచకం అయింది. బస్సు బోర్డుల మీది పేర్లు రాసుకొచ్చి, కత్తెరతో తోక కత్తిరించి, ‘పల్లి’ కుప్ప, ‘పేట’ కుప్ప, ‘వరం’ కుప్ప వేసే కృత్యం రెండు, మూడు తరగతులకు బాగా నప్పుతుంది.

ఇంటిపేర్లలోనూ ఇదే కనబడుతుంది. మహాకవి గుర్రం జాషువా (1895–1971) ఇంటిపేరు జంతువు పేరే. పిల్లలకు పెట్టే పేర్లూ అంతే: పద్మ, జ్యోతి, వెన్నెల అనే అమ్మాయిలు ఎన్నో ఊళ్లలో ఉంటారు. ‘వెన్నెల వచ్చింది’ అన్న వాక్యానికి పిల్లలచేత రెండు బొమ్మలు గీయిస్తే ఒక దానిలో చంద్రుడు, రెండో దానిలో బడిసంచి తగిలించుకున్న అమ్మాయి ఉంటారు.

ఇంగ్లీషు పాఠంతో ముడి

ఇంగ్లీషు మాధ్యమంలో చదివే తెలుగు పిల్లలు తరచు రెండు తప్పులు చేస్తారు. ఊరి పేరును చిన్న అక్షరంతో మొదలుపెడతారు, లేదా గొప్పగా తోచిన టీచర్, మదర్ వంటి మాటలకు కూడా వాక్యం మధ్యలో పెద్ద అక్షరం వేస్తారు. తెలుగులో భేదం పట్టుబడ్డాక కాగితపు టోపీ ఆట ఉపయోగపడుతుంది. అక్షరాల అట్టలతో మాట పేర్చి, అది సంజ్ఞావాచకమైతే మొదటి అక్షరానికి చిన్న కాగితపు టోపీ పెట్టాలి. వారాలు, నెలలు, భాషల పేర్లకు ఇంగ్లీషులో టోపీ ఉంటుంది. జర్మన్‌లో అయితే నామవాచకాలన్నిటికీ ఉంటుంది. పెద్ద అక్షరం ఆయా భాషల రాత అలవాటని పెద్ద తరగతుల పిల్లలకు చెప్పడానికి ఇది చక్కని ఉదాహరణ.

మూల్యాంకనం

ఉదాహరణలు రాయమనే ప్రశ్నకు పిల్లలు కంఠస్థం చేసిన జవాబే ఇస్తారు. కొత్త మాట చేతికిచ్చి కారణం అడిగితే అవగాహన బయటపడుతుంది. తగాదా తెచ్చే మాటలు ఇందుకు బాగా పనికొస్తాయి. జిరాక్స్, డాల్డా కంపెనీలు పెట్టుకున్న పేర్లే అయినా వాడుకలో నకలుకూ వనస్పతికీ మారుపేర్లయ్యాయి. ‘అమ్మ’ లోకంలో ఎందరో, ఇంట్లో మాత్రం ఒక్కతే. మాటను సంజ్ఞావాచకమన్నాడా, జాతివాచకమన్నాడా అన్న దానికంటే, పక్కవాడు కాదన్నప్పుడు పిల్లవాడు చెప్పిన కారణాన్ని టీచరు తన నోటుపుస్తకంలో రాసుకుంటే మరుసటి పాఠం ఎక్కడ మొదలుపెట్టాలో తెలుస్తుంది.