ఇంజను గొంతు తగ్గించింది ఎవరు?

సీతంపేట ఏజెన్సీ నుంచి గాలిదారిన చూస్తే భోగాపురం సుమారు 80 కిలోమీటర్లు. అక్కడ అల్లూరి సీతారామరాజు పేరిట అంతర్జాతీయ విమానాశ్రయానికి 2023 మేలో శంకుస్థాపన జరిగింది. ఆ చుట్టుపక్కల ఊళ్లు వినే మోత 1960ల నాటి జెట్ల మోత కాదు, అంతకన్నా చాలా తక్కువ. ఈ ఘనతను ఇప్పుడు కంప్యూటర్ డిజైన్‌కు కట్టబెట్టడం అలవాటైపోయింది. నాకు అది సగం నిజంగానే తోస్తుంది. శబ్దాన్ని మింగే ఉపాయం పాతది. దాన్ని ఇంజనులోకి ఎక్కించింది చట్టం. ఆ చట్టం బిగిసేకొద్దీ కంప్యూటర్‌తో పని పడింది.

ముందు ఆ వస్తువును దగ్గరగా చూడాలి. ఇంజనులోకి గాలి వెళ్లే గొట్టం లోపలి గోడకు సన్నని రంధ్రాల రేకు ఉంటుంది. ఒక్కో రంధ్రం మిల్లీమీటరుకు అటూఇటూ. రేకు వెనక తేనెపట్టు గదులు, వాటి వెనక రంధ్రం లేని గట్టి పలక. దీన్నే లైనర్ అంటారు. ఫ్యాన్ శబ్దం రంధ్రాల్లోని గాలిని ముందుకూ వెనక్కూ ఊపుతుంది. ఆ ఒరిపిడిలో శబ్దశక్తి వేడిగా మారిపోతుంది. ఏ స్వరాన్ని మింగాలన్నది ప్రధానంగా గది లోతును బట్టి ఉంటుంది. ఉదాహరణకు 24 రెక్కల ఫ్యాన్ నిమిషానికి 5000 సార్లు తిరిగితే సెకనుకు 2000 కంపనాల కీచు పుడుతుంది. దాని తరంగం పొడవు సుమారు 17 సెంటీమీటర్లు. అందులో నాలుగో వంతు, అంటే నాలుగు సెంటీమీటర్ల పైచిలుకు లోతు చాలు. ఇలాంటి గాలి గదుల గణితం జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1863లో వెలువరించిన సంగీత స్వరాల గ్రంథం నాటికే ఉంది.

మరి వందేళ్లు ఎందుకు ఆగింది? 1950ల చివర న్యూయార్క్ పోర్ట్ అథారిటీ జెట్లకు 112 'పెర్సీవ్డ్ నాయిస్' (చెవికి తోచే మోత) డెసిబెళ్ల హద్దు పెట్టింది. 1967లో నాసా బోయింగ్, డగ్లస్ కంపెనీలకు కాంట్రాక్టులిస్తే అవి 707, డీసీ-8 ఇంజన్లకు లైనర్లు తొడిగి, 1969లో ఎగరేసి చూపించాయి. అమెరికా విమాన శబ్ద నియంత్రణ చట్టం వచ్చింది 1968లో. అంటే చట్టం కన్నా ప్రయోగమే ముందుంది కదా అని ఎవరైనా అడగవచ్చు. అడగాల్సిందే. కానీ ఆ ప్రయోగం ఫలించాక కూడా విమాన సంస్థలు పాత జెట్లకు లైనర్లు వేయించుకోవడానికి ఎగబడలేదు. బరువు పెరుగుతుంది, ఖర్చవుతుంది, టికెట్టు మీద పైసా రాదు. 1969 డిసెంబరు నుంచి అమలైన నిబంధన కొత్త డిజైన్లకే వర్తించింది. పాత విమానాలకు 1976లో గడువులు విధించి, 1985 నాటికి దారికి రావాలన్నాకే కదలిక వచ్చింది.

ఇంతకన్నా బలమైన అభ్యంతరం మరొకటుంది. మోతను తగ్గించింది లైనర్ కాదు, పెద్ద ఫ్యాన్ ఇంజన్లని. ఇంజను వెనక నుంచి దూసుకొచ్చే జెట్ గాలి శబ్దం ఆ గాలి వేగపు ఎనిమిదో ఘాతంతో పెరుగుతుందని గణిత శాస్త్రవేత్త లైట్‌హిల్ 1952లోనే తేల్చాడు. పెద్ద ఫ్యాన్ వల్ల జెట్ వేగం తగ్గింది, మోతా తగ్గింది. ఒప్పుకుంటాను. అయితే జెట్ హోరు అణిగాక అంతవరకూ దాని చాటున ఉన్న ఫ్యాన్ కీచు పైకి తేలింది. పైగా ఫ్యాన్ పెరిగేకొద్దీ దాని చుట్టూ ఉన్న గొట్టం పొట్టిదై, లైనర్‌కు దక్కే జాగా తగ్గింది. కంప్యూటర్ నిజంగా అక్కరకొచ్చింది ఇక్కడే. గొట్టాన్ని చిన్న చిన్న ముక్కలుగా ఊహించి, ముక్కముక్కకూ సమీకరణం రాసి కలిపి సాధించే ఫైనైట్ ఎలిమెంట్ పద్ధతి 1970లలో ఈ రంగంలోకి వచ్చింది. వరంగల్ ప్రాంతంలో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన జె.ఎన్. రెడ్డి 1984లో రాసిన పాఠ్యపుస్తకంతో ఎందరో ఈ పద్ధతి నేర్చుకున్నారు. ఆయన ప్రసిద్ధి లైనర్లకు కాదు, కానీ పనిముట్టు అదే. ఆ లెక్కలు బయటపెట్టిన సంగతుల్లో నాకు అన్నిటికన్నా ఆసక్తి కలిగించేది అతుకుల కథ. లైనర్‌ను రెండు మూడు ముక్కలుగా చేసి, నడుమ గట్టి పట్టీలతో అతికేవారు. గిర్రున తిరుగుతూ వచ్చే శబ్దం ఆ పట్టీని తాకి చెదిరి, లైనర్ సరిగా మింగలేని రూపాల్లోకి మారుతుంది. అందుకే 2005లో తొలిసారి ఎగిరిన ఎయిర్‌బస్ ఏ380కి అతుకే లేని లైనర్ చేశారు.

లెక్కలు ఒక్కటే చాలవన్నదీ నిజం. శబ్దం తీవ్రత పెరిగితే రంధ్రాల నిరోధం మారుతుంది, వాటి మీదుగా దూసుకుపోయే గాలి వల్లా మారుతుంది. అందుకే నాసా లాంగ్లీ కేంద్రంలో ఇప్పటికీ గాలి ప్రవహించే గొట్టంలో నమూనా పెట్టి కొలుస్తారు.

బోయింగ్, ఎయిర్‌బస్ లండన్‌కొక విమానం, విశాఖకొక విమానం అమ్మవు కాబట్టి, విదేశీ చట్టాల ఫలం మనకు ఉచితంగానే అందింది. మన నిబంధన సంగతి వేరు. 2018లో కేంద్ర పర్యావరణ శాఖ రద్దీ విమానాశ్రయాలకు పగలు 70, రాత్రి 65 డెసిబెళ్ల సగటు హద్దు పెట్టింది. రాత్రంతా కలిపి తీసే సగటులో, అర్ధరాత్రి దాటాక పల్లె మీదుగా లేచే ఒక్క విమానం పెద్దగా లెక్కకు రాదు. 1993లో లండన్ విమానాశ్రయాల్లో మొదలైన రాత్రి కోటా అలా కాదు, ప్రతి విమానం మోతనూ విడిగా తూచి పాయింట్లు వేస్తుంది. ఏ380 ఇంజను ఫ్యాన్‌ను డిజైన్ దశలోనే పెద్దది చేయించింది ఆ పాయింట్ల లెక్కే.